అమ్మ ఇచ్చి పంపిన మాట

మా చిన్నప్పుడు... కర్ణాటకలోని పావగడ తాలూకాలో మా ఊరి బడికి పోవాలంటే పలకతో పాటు ఇంటి నుంచి ఒక మాట కూడా తీసుకుపోవాలి.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఐదో క్లాసు నుంచి నెత్తి మీద ఇంగ్లీషు... తుమకూరు వైపు నుంచి వచ్చిన మా టీచరమ్మకు తెలుగు అంతంత మాత్రం. మాకు ఇంగ్లీషు బొత్తిగా రాదు. చూసి చూసి ఆమె ఒక పద్ధతి పెట్టింది. రోజూ అమ్మనడిగి ఒక తెలుగు మాట తేవాలి. దాని కింద కన్నడం, ఆ కింద ఇంగ్లీషు ఆమె రాసిస్తుంది. ఆ మాటతో మేము ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పాలి. అదీ మా ఇంటి సంగతే అయ్యుండాలి.

మా అమ్మకు చదువు రాదు. విత్తనానికి శెనక్కాయలు ఒలిచి ఒలిచి వేళ్ల కొనలు పగిలి మండుతుండేవి. నేను పోయి మాట ఇమ్మంటే కసురుకునేది.

"మాటలకేం కరువే! వానకే కరువు. ఆ వాననే ఎత్తుకోని పో!"

అలా వాన పోయింది... గడ్డి పోయింది... ఏడుపు కూడా పోయింది నా పలక మీద.

ఏడో క్లాసుకు వచ్చేసరికి వరసగా రెండేళ్లు వానల్లేవు. ఆ ఏడు పబ్లిక్ పరీక్ష. నాన్న ముందే తేల్చేశాడు.

"పాసైతే హొసకోట హైస్కూలుకు పో. ఫేలైతే కూలికి పో. మల్లా ఏడ్చేది గీడ్చేది ఏమీ లేదు."

పరీక్షలకు ముందే మా ఆవును సంతకు తోలుకుపోయాడు. మేత లేదు, ఏం చేస్తాడు పాపం. మర్నాడు మాట అడిగితే అమ్మ, "అమ్మేస్తిమి... అదే రాపిచ్చుకో పో" అంది. టీచరమ్మ 'సోల్డ్' అని రాసి నా వైపు చూసింది. ఏం అమ్మారని అడగలేదు. నేనే చెప్పాను.

పరీక్షలో ఆవు మీద రాయమని వచ్చింది. నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, పాలిస్తుంది... గైడులోది మా అందరికీ కంఠతా వచ్చు. అందరూ అదే రాశారు. నాకేం పట్టిందో ఏమో... 'వీ హ్యాడ్ ఎ కౌ. నో రెయిన్. నో గ్రాస్. ఫాదర్ సోల్డ్ కౌ. మదర్ క్రైడ్.' అంతే రాసి వచ్చేశాను.

టీచరమ్మ తల పట్టుకుంది. "అయ్యో, బుక్కులో ఉండేది రాస్తే చాలు కదమ్మా! దిద్దేవాళ్లు మన బడివాళ్లు కాదు..."

నాన్నయితే అగ్గి మీద గుగ్గిలం. "ఆవుకి ఉండే నాలుగు కాళ్లు రాసేకి ఏం రోగమే నీకి?"

ఫలితాలు వచ్చేదాకా అమ్మ పక్కన కూర్చుని కాయలు ఒలిచాను. నా వేళ్లూ పగిలాయి. ఇంక ఇదే నా బతుకని చాలా భయమేసింది.

చివరికి టీచరమ్మే ఇంటికి వచ్చి చెప్పింది. ఇంగ్లీషులో ఏదో గట్టెక్కాను... పాస్!

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మన ఆవు పోతా పోతా నిన్ను పాస్ చేసి పాయెనే..."

ఇప్పుడు నేనూ అదే తాలూకాలో ఇంగ్లీషు చెబుతున్నాను. సాయంత్రానికి గొంతు ఉండదు, ఓపికా ఉండదు. మొన్న పిల్లల్ని ఇంటి నుంచి ఒక మాట తెమ్మన్నాను. రాత్రికి ఒక తల్లి ఫోన్ చేసింది.

"మేడం, మాకి ఇంగ్లీషు రాదు. మా మాటలు ఏం పనికొస్తాయి?"

"వస్తాయమ్మా. నేను వాటితోనే పాసైనాను" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. మర్నాడు ఆ బిడ్డ గైడులోంచి ఒక మాట రాసుకుని వచ్చింది.

మీ అమ్మ మీకిచ్చిన మాట ఏదైనా గుర్తుంటే కింద రాయండి... ఆ తల్లికి చదివి వినిపిస్తాను.