కూరకీ అన్నానికీ నడుమ మైనం బిళ్ల

మా డోర్నకల్‌లో కనకయ్యన్న ముప్పై ఏళ్లు రైల్వే గేటు వేసి, తీసి రిటైరయ్యాడు. ఆ గేటు దగ్గర కోతుల బెడద ఎంతంటే, ఒకసారి పచ్చజెండా కూడా చెట్టెక్కింది. అందుకని తాళంచెవులు, జీతం కాగితం, కళ్లజోడు అన్నీ మూత గట్టిగా బిగిసే స్టీలు టిఫిన్ క్యారియర్‌లోనే దాచుకునేవాడు. గేటు వదిలినా అలవాటు వదల్లేదు.

పోయిన ఏడు ఆయన భార్య ఉప్పలమ్మకు కడుపులో క్యాన్సరని తేలింది. అప్పటికే కాలేయం దాకా పాకింది, ఆపరేషన్‌కు వీల్లేదు. గొంతులోంచి పైపు దింపి తీసిన చిన్న ముక్కను వరంగల్ దవాఖానలో చెడిపోకుండా మైనం పోసి బిళ్ల చేశారు. దాన్ని హైదరాబాద్ ల్యాబులో పరీక్ష చేయించాలన్నాడు డాక్టరు. ఆ కణాల మీద హెర్-టూ అనే ప్రోటీను ఎక్కువగా ఉంటే, దాన్నే గురిచూసి పట్టుకునే మందొకటి కీమోతో కలిపి ఇవ్వవచ్చు. లేకపోతే ఆ మందు వల్ల ఉపయోగం లేదు.

ఉప్పలమ్మ ముందే తేల్చేసింది. "ఆ పైపు ఇంకోపారి మింగుమంటె నేను రాను. మందు లేకున్నా మంచిదే."

అంటే ఉన్నది ఆ బిళ్ల ఒక్కటే. పొరుగువాణ్ణి కాబట్టి పొద్దుటి బండికి నేనూ తోడు వెళ్లాను. బిళ్ల ఏదంటే, ఒళ్లో ఉన్న క్యారియర్‌ను తట్టి చూపించాడు. నాకది తెలివైన పనిగానే తోచింది. కాదంటే అబద్ధమవుతుంది.

ల్యాబులో స్పందన అనే అమ్మాయి ముందు కనకయ్యన్న ఒక్కో గిన్నె విప్పాడు. పైన చుక్కకూర పప్పు, కింద బయల్దేరే ముందు వార్చిన అన్నం, నడుమ గిన్నెలో రుమాల్లో చుట్టిన బిళ్ల. గదంతా వెల్లుల్లి పోపు వాసన. వరుసలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. రుమాలు విప్పితే మైనం కరిగి ఒక పక్కకు జారి, గుడ్డకు అంటుకుపోయి ఉంది.

ఎండలో పెట్టారా అని అడిగిందా అమ్మాయి. రైల్లో ఉక్క అన్నాడు కనకయ్యన్న. అది డిసెంబరు. ఆమె నా స్వెటరు వంక చూసింది, తర్వాత అన్నం గిన్నె మూతకున్న ఆవిరి చెమ్మ చూసింది.

"కోతులు ఎత్తుకపోతయని అండ్ల పెట్టిన బిడ్డా," అన్నాడాయన తల వంచుకుని.

స్పందన నవ్వలేదు. లోపల పెద్ద డాక్టరుకు చూపించి వచ్చి, ముక్క ఇంకా మైనంలోనే ఉందనీ, మళ్లీ మైనం పోసి ప్రయత్నిస్తామనీ, కుదరకపోతే మళ్లీ పైపు వేయక తప్పదనీ చెప్పింది. వారం పడుతుందట.

ఆ వారమంతా కనకయ్యన్న ఇంట్లో చల్లారిన అన్నమే. వేడి అన్నం చూస్తే ఆయనకు చెమటలు పట్టేవి. మూడో రోజు ఉప్పలమ్మ గట్టిగా నిలదీస్తే, నా ఎదుటే అంతా కక్కేశాడు. తిడుతుందనుకున్నాను. ఆమె చల్లారిన అన్నం కంచాన్ని ఆయన దగ్గరకు జరిపింది.

"మింగుమంటె మింగుత తియ్యి," అంది. "గిట్ల పరేషాన్ గాకు."

ఆ అవసరం రాలేదు. పరీక్ష కుదిరింది, ప్రోటీను ఎక్కువగానే ఉందని రిపోర్టు వచ్చింది. డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు: ఈ మందు జబ్బును తుడిచేయదు, కొంతకాలం పట్టి ఆపుతుంది, ఎంతకాలమో మనిషిని బట్టి. గుండె తట్టుకుంటుందో లేదో పరీక్ష చేసి, మూడు వారాలకోసారి ఎక్కిస్తామన్నాడు.

మొదటిసారి ఎక్కించే రోజు నేనూ వెళ్లాను. ఆయన మంచం పక్కనే కుర్చీ వేసుకుని, టీకి కూడా లేవకుండా, సెలైన్ గొట్టం వంకా భార్య ముఖం వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. చివరికి ఉప్పలమ్మ నన్ను పిలిచింది.

"తమ్మీ, గీయిన్ని జర బయటికి తోల్కపో. చుక్క పడ్డప్పుడల్ల తగ్గిందా అని అడుగుతుండు."