ఖాజా బాబాయి నమ్మిన నాలుక

నరసరావుపేటలో ఖాజా బాబాయి సోడా షాపు మూతపడటానికి కారణం నేను. పోయిన నెల దాకా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య నాకు షుగరు వచ్చి, పంచదార బదులు టీలో తీపి బిళ్ల వేసుకుంటున్నాను. గుక్క మింగాక నాలుక మీద సన్నటి చేదు నిలుస్తుంది. ఆ చేదు నాకు పాతదే.

ఆయన దగ్గర పదకొండేళ్లు పాకం కాచాను. తీగపాకం ఎప్పుడు వచ్చిందో బుడగల్ని చూసి చెప్పడం ఆయనే నేర్పాడు. సీసా మీద లేబుల్లో 'పంచదారతో చేసినది' అని ఉండేది. చుట్టుపక్కల షాపులవాళ్లు చాలామంది చవగ్గా తీపినిచ్చే సాకరిన్ పొడి కలిపేవాళ్లు. "అది విషమా బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"ఇషమో కాదో డాక్టర్లు తేలుస్తార్లేరా. పంచదారని రాసి ఇంకోటి పోస్తే, తాగేవోడికి ఏం తాగుతున్నాడో తెలవదు గదా. అదీ తప్పు."

సీసాలు నింపే ముందు పాకం రోజూ ఆయనే రుచి చూసేవాడు. ఆ ఏడు రంజాన్ నెల నడి ఎండాకాలంలో వచ్చింది. పగలంతా గుక్కెడు నీళ్లు ముట్టని మనిషి పాకం నోట్లో ఎలా వేసుకుంటాడు? "ఈ నెల నువ్వే చూడరా శ్రీనూ. నువ్వు బాగుందంటే నేను చూసినట్టే" అన్నాడు.

ఆ ఎండలో పొయ్యి ముందు గంటలకొద్దీ నిలబడటానికి నాకు బద్ధకమేసింది. పంచదార సగమే వేసి, పాకం తొందరగా దించేసి, మిగతా తీపికి సాకరిన్ కలిపాను. "ఎట్టుందిరా?" అని ఆయన ఎండిన పెదాలతో గుమ్మంలోంచి అడిగేవాడు. "చానా బాగుంది" అనేవాణ్ణి. నెలంతా అంతే.

పండుగ ముందు ఫుడ్ ఇన్‌స్పెక్టరు వచ్చి సీసాలు తీసుకుని సీలు వేసుకెళ్లాడు. లేబుల్లో లేని సాకరిన్ ఉందని రిపోర్టు వచ్చింది. మాకు సోడాల్లోకి ఎసెన్సులు అమ్మే కాశయ్య సరుకులోనే ఏదో ఉందని బాబాయి నలుగురిలో అతణ్ణి నిలదీశాడు. విచారణలో మాత్రం "షాపు నాది, తప్పు నాది" అన్నాడు. రెండుచోట్లా నేను పక్కనే ఉన్నాను.

పక్కవీధి రమణమ్మ షాపు ముందుకొచ్చి, "ఏంది ఖాజా, ఉపాసాలుండి మరీ మా పిల్లోళ్లకి కేన్సరు పొడి తాపావంట" అంది. దానివల్ల జబ్బు వస్తుందో రాదో నాకూ బాబాయికీ తెలియదు. రెండు నెలలకు ఆయన షట్టరు దించేశాడు.

పోయిన నెల ఆయన ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. "మరి కాశయ్య?" అన్నాడు. "అప్పట్నుంచి వాడికీ నాకూ మాటల్లేవురా. వాడి బిడ్డ పెళ్లికి గూడా పోలా. లే, పోదాం పా."

కాశయ్య మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. షాపులో సరుకు కొనేవాళ్లు ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాను. బాబాయి నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు.

"కాశయ్యన్నా, నీ సరుకులో ఏం లేదు. సాకరిన్ కలిపింది నేను. బాబాయి నిన్ను అంటుంటే పక్కన నిలబడి నోరు మూసుకున్నా. మీ ఇద్దరికీ ద్రోహం చేశా. నన్ను క్షమించండి" అన్నాను, అందరూ వింటుండగానే.