నత్తలు ముట్టని ముక్కలు

తొంభైల చివర మదనపల్లెలో ఎమ్మెస్సీ బాటనీ చదివేటప్పుడు ప్రాజెక్టుకు లైకెన్లను ఎంచుకున్నాను. పుంగనూరులో మా ఇంటి వెనక గుట్టబండల మీద బూడిదరంగు రేకుల్లా అంటుకొని ఉండేవి. అమ్మ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఆ జాతిదే.

మా సారుకు నచ్చలేదు. "బండ మీది బూజుకు ప్రాజెక్టు యాలమ్మా? ఈడ టమోటా తెగుళ్లకేమన్నా కరువా? వానలు పొయ్యేలోగా ఏమన్నా తేల్చి చూపించు. లేకుంటే టమోటా చెయ్" అన్నారు. నాకు ఒళ్లు మండింది. టమోటా మీద నాకేం పగ లేదు. నేనేం చదవాలో ఇంకొకరు తేల్చడమే గిట్టలేదు.

లైకెన్ కదిలి పారిపోలేనిది, దానికి ముల్లూ లేదు. పెరగడమూ నత్తనడకే. అయినా పురుగులూ సూక్ష్మజీవులూ దాన్ని అంత తేలిగ్గా తినెయ్యలేవు. చేదు ఆమ్లాలు తనే తయారుచేసుకుంటుందని పుస్తకంలో ఉంది. నేను కళ్లారా చూడాలనుకున్నాను. ఎండిన ముక్కల్లో సగాన్ని ల్యాబులో వాడే అసిటోన్ ద్రావకంతో కడిగి ఆ ఆమ్లాలు తీసేశాను. మిగతా సగం అట్లాగే ఉంచాను. వాన వెలిశాక నత్తల్ని ఏరుకొచ్చి, వెడల్పాటి బేసిన్లో వేసి, రెండు రకాలూ ముందు పెట్టి, పైన జల్లెడ బోర్లించాను.

తెల్లారి చూస్తే నత్తలు దేన్నీ ముట్టలేదు. ఏడుపొచ్చింది. సారు మాటే గెలిచిందనుకుంటూ జల్లెడ తీస్తే, మూలన కొరికిన కొత్తిమీర కాడలు.

"నేనే ఏసినా. శుక్రవారం పూట ఇంట్లో ఉండే జీవం పస్తుంటే మనకు ముద్ద యెట్ల దిగుతాదిమ్మా?" అంది అమ్మ.

ఆమెతో వాదించి ప్రయోజనం లేదు. శనివారం దాకా ఆగి మళ్లీ మొదలుపెట్టాను. బేసిన్ నా మంచం పక్కనే పెట్టుకున్నాను. ఈసారి కడిగిన ముక్కలు చిల్లులు పడిపోయాయి. కడగనివి అంచున కాస్త కొరికి వదిలేసినట్టున్నాయి. ఆ బేసిన్ ఒళ్లో పెట్టుకొని మదనపల్లె బస్సెక్కాను. పక్క సీటావిడ ముక్కు మూసుకుంది, మూసుకోనీ అనుకున్నాను.

సారు చిల్లుల ముక్కనూ కడగని ముక్కనూ పక్కపక్కన పెట్టి చూశారు. "సరే, కుప్పం సెమినార్లో చెప్పు. ఆడ నవ్వితే నన్నడగొద్దు" అన్నారు.

కుప్పంలో, మా సారు ముందే, నవ్వారు కూడా. నేను చెప్పడం ముగించగానే ఒక పెద్దాయన లేచి, "దీనివల్ల మనకేం ఉపయోగమమ్మా?" అని అడిగాడు. భయంలో మా ఊరి మాటే వచ్చేసింది.

"ఉపయోగం మనక్కాదు సార్, దానికి. తన్ను ఎవురూ తినకుండా అది ఆ చేదును సేసుకోనుండాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తిరుగు బస్సులో సారు టమోటా మాట ఎత్తలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.