సమ్మవ్వ మెడల పసుపుకొమ్ము

లక్ష్మీనర్సయ్య ఆడోళ్ల పుస్తెలు కరగవోసుకొని ఇత్తడివి అంటగట్టిండని మా మగ్గాల బస్తీ శాంతినగర్‌ల ఇప్పటికీ అంటరు. తప్పు. ఆ మూడు దినాలు నేను ఆ దుకాణం ముంగటనే తిరిగిన. కండ్లతోని చూసింది రాస్తున్న.

నర్సయ్యది ధామన్కర్ నాకా చౌరస్తాల నగల దుకాణం. వాళ్ల నాయన నాగయ్య కరీంనగర్ దిక్కు నుంచి కుంపటి, చిన్న పెట్టె పట్టుకొని వచ్చిండు. పాన్ దుకాణం అరుగు మీద కూసొని మా మగ్గాలోళ్ల ముక్కుపుల్లలు అతికేటోడు. ఆ పెట్టెనే పెరిగి దుకాణమైంది. ఊడ్చిన దుమ్ము సుత జల్లెడ పట్టంది పారబోయని ఇల్లు వాళ్లది.

తొంభై ఎనిమిదిల, శ్రావణం ముంగట, ముగ్గురు ఆడోళ్లు పుస్తెలు మెరుగుకు ఇచ్చిండ్రు. మెడ బోసిగ ఉండొద్దని పసుపుకొమ్ములు కట్టుకొని పోయిండ్రు. మనిషికి రెండు బిళ్లలు, తల్లిగారిది ఒకటి, అత్తగారిది ఒకటి. ఆరింటినీ నర్సయ్య కుంకుడురసంల నానేసిండు. గంతల గిరాకి పిలిచింది. బిళ్లలు తీసిననుకొని గిన్నె తీస్కపోయి వెనుక మోరీల కుమ్మరిచ్చిండు.

అంతే, షటర్ దించిండు. ఎందుకో మాకప్పుడు తెల్వదు. మొదటి దినం ఇంట్ల ఎవలికో బాగలేదనుకున్నం. రెండోనాడు లోపల కుంపటి ఊదుతున్నరని ఎవడో పుట్టిచ్చిండు. మూడోనాడు బుచ్చిరాములు పదిమందిని, ఇనుపరాడ్‌ను తెచ్చిండు. ఆ ముగ్గురిల సాయమ్మ ఆయన పెండ్లామే. ఆమె తల్లి అంతకు ముందేడే సచ్చిపోయింది.

"షటర్ లేపుతవా, పగలగొట్టాల్నా?"

"ఒక్క పూట ఆగు బుచ్చన్నా!" లోపలి నుంచి నర్సయ్య.

"నా పెండ్లాం మెడల కొమ్ము ఎండిపోయింది. నీ పూటలు ఎన్నిరా?"

నేను ఊకుంటనా? నేల మీద బోర్ల పండి షటర్ సందుల నుంచి చూసి, లేసి అడ్డం నిలవడ్డ.

"రాడ్ దించు బుచ్చిగా! లోపల ముసలి నాగయ్య మోరీ బురద తెచ్చి చేతులతోని పిసుకుతున్నడు. బంగారం మింగెటోడు గట్ల చేస్తడా?"

"నీకేమెరుక అవ్వా, పక్కకు జరుగు."

"జరగ. నా మీదికెళ్లి కొట్టు."

షటర్ లేసింది. నర్సయ్యకు మోచేతుల దాంక బురద. "ఐదు దొరికినయ్. సాయమ్మ తల్లిగారిదే దొరకలే. రేపు పొద్దుగాల్ల ఇస్త. ఇయ్యకుంటే దుకాణం మీరే పగలగొట్టుండ్రి."

తెల్లారి సాయమ్మ మెడల రెండున్నయ్. బుచ్చిరాములు కొరికి చూసిండు, గీకి చూసిండు. బంగారమే. మరి ఒక్క రాత్రిల ఏడికెళ్లి వచ్చిందని మొదలైన మాటనే తిరిగి తిరిగి ఇత్తడైంది.

నాకు ఇంకోటి కనవడ్డది. ఆ దినం నుంచి నర్సయ్య పెండ్లాం సమ్మవ్వ మెడల పుస్తె ఒక్కటే, దాని పక్కన పసుపుకొమ్ము. నగలు చేసేటాయన పెండ్లానికి పుస్తె కరువా? ఆరేండ్లు నోరు కట్టుకున్న. నాకది ఎంత కష్టమో మా గల్లీకి ఎరుకే. మొన్న దుకాణంల ఎవలు లేనిది చూసి అడిగేసిన.

"నర్సయ్యా, నిజం చెప్పు బిడ్డా. సాయమ్మది దొరికిందా?"

చేతిలున్న పట్టుకారు పక్కకు పెట్టిండు.

"దొరకలే, అవ్వా. తల్లిలేని పిల్లకు నేను చేసిస్తే అది తల్లిగారిది ఎట్లయితదని సమ్మవ్వ తన తల్లిగారిది తీసిచ్చింది. సాయమ్మకు ఒక్కదానికే చెప్పి ఇచ్చినం. సమ్మవ్వకు సుత తల్లి లేదు. ఇంకోటి చేస్తనంటే, తల్లిగారి పుస్తె మొగడు చేసుడేంది అంటది. అందుకే రోజూ పొద్దుగాల్ల ఆ మోరీ దేవుతున్న."