లేని జబ్బుకు ప్లీహం తీయబోయారు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, సూరత్‌లో ఖటోదరా దగ్గరున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో ముఖ్య పాథాలజిస్టుగా చేరాను. రిటైరయ్యే ముందు నా ఆఖరి ఉద్యోగం అదే. రక్తపరీక్షల రిపోర్టుల మీద చివరి సంతకం నాది.

చేరిన కొత్తలోనే భూలక్ష్మి రక్తం నా బల్ల మీదికొచ్చింది. ఆమె భర్త రాజయ్య గోడాదరాలో మగ్గాలు నడుపుతాడు. సిరిసిల్ల వైపు కుటుంబం. ఆమెకు పిత్తాశయంలో రాళ్లు. నేను చేరకముందే, ఆపరేషన్ కోసం చేసిన పరీక్షలో ప్లేట్‌లెట్లు ఇరవై వేలు వచ్చాయి. కనీసం లక్షన్నర ఉండాలి. రోగనిరోధక శక్తే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బని తేల్చి, వారాల తరబడి స్టెరాయిడ్లు మింగించారు. ముఖం ఉబ్బింది, షుగర్ మొదలైంది, అంకె మాత్రం కదలలేదు. ఇక పిత్తాశయంతోపాటు ప్లీహం కూడా తీసేద్దామన్నారు.

ప్లేట్‌లెట్లు ఎముక మజ్జలో తయారవుతాయి. మెగాకార్యోసైట్ అనే పెద్ద కణం సన్నని పోగుల్ని రక్తనాళంలోకి చాపుతుంది. ఆ పోగులు తెగిన ముక్కలే ప్లేట్‌లెట్లు. తయారీ తగ్గినా, ప్లీహంలో ఎక్కువగా నాశనమైనా రక్తంలో వాటి సంఖ్య పడిపోతుంది. అంత పడిపోతే చర్మం మీద ఎర్రటి చుక్కలో, చిగుళ్ల నుంచి రక్తమో సాధారణంగా కనిపిస్తుంది. ఈమె ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేదు. అది ఎవరికీ వింతగా అనిపించలేదు.

గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూశాను. అంచు పొడవునా ప్లేట్‌లెట్లు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. పరీక్ష గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే మందు కొందరి ప్లేట్‌లెట్లను ఇలా అతికిస్తుంది. గుత్తులను యంత్రం లెక్కించలేదు. తప్పు గొట్టంలో ఉంది, మనిషిలో లేదు.

సర్జన్‌కు ఫోన్ చేశాను. యంత్రం కొత్తది, తప్పు చూపదన్నారు. స్లయిడ్ ఎవరైనా చూశారా అని అడిగితే, ఆపరేషన్ మర్నాడేనని జవాబిచ్చారు.

నేనే వార్డుకు వెళ్లి, మరో రకం మందున్న గొట్టంలో మళ్లీ రక్తం తీయాలన్నాను. రాజయ్య విసుక్కున్నాడు.

"మల్ల టెస్టు ఏంది మేడం? ఎన్నిసార్లు గుచ్చుతరు? నొప్పికి రాత్రంత పంటలేదు ఆమె."

"జర ఆగు. మేడం చెప్పేది ఇననియ్యి," అంది భూలక్ష్మి. సంగతంతా విని, "నా రక్తంల ఏం ఖరాబు లేదంటరు. మరి గా గోలీలన్ని ఎందుకు మింగిపిచ్చిండ్రు?" అని అడిగింది.

జవాబు చెప్పవలసినవాళ్లు ఆ గదిలో లేరు.

సిట్రేట్ ఉన్న నీలం మూత గొట్టంలో తీసిన రక్తాన్ని ఆలస్యం చేయకుండా యంత్రానికి పెట్టాను. రెండు లక్షలు దాటింది. సర్జన్ నమ్మక ఇంకోసారి చేయించారు. అదే వచ్చింది. పిత్తాశయం ఒక్కటే తీశారు. స్టెరాయిడ్లు మెల్లగా తగ్గించి ఆపాక షుగర్ కూడా దిగింది.

ఇంత జరిగాక కూడా డిశ్చార్జి కాగితంలో పాత జబ్బు పేరే టైపై వచ్చింది. గొడవపడి మార్పించాను. కొన్ని నెలలకు సూరత్ పక్కనున్న కామ్‌రేజ్‌లో ఒక పళ్ల డాక్టరు, ప్లేట్‌లెట్లు తక్కువని మళ్లీ వచ్చిన రిపోర్టు చూసి ఆమె పన్ను పీకనన్నాడు. "నీలం మూత గొట్టంల తియ్యుమంటే నవ్విండ్రు మేడం," అని భూలక్ష్మి నాకు ఫోన్ చేసింది. ఆ డాక్టరుకూ మొదటి నుంచి చెప్పాను.

లక్షణాలు లేని మనిషికి ప్లేట్‌లెట్లు మరీ తక్కువగా వస్తే, మందు రాసేముందు స్లయిడ్ చూడాలి. ఇది విద్యార్థులకు మొదట్లోనే నేర్పే పాఠం. నా సర్వీసులో నేను దాన్ని ఎక్కువసార్లు చెప్పవలసి వచ్చింది సీనియర్ డాక్టర్లకే.