నచ్చితే పూర్తి, నచ్చకపోతే సగం

మా వంశంలో నచ్చిన వస్తువును సూటిగా చూసినవాళ్లు లేరు. అమలాపురం మెయిన్ రోడ్డులో మాది బట్టల కొట్టు. టోకు సరుకు కొనడానికి వెళ్లినప్పుడల్లా నాన్న నాకు ఒకటే నేర్పేవారు. నచ్చిన బట్టల తాను మీద చెయ్యి వేయకూడదు, నచ్చనిదాన్ని ప్రేమగా నిమరాలి. మనసు మరీ లాగేస్తుంటే తలెత్తి ఫ్యాను చూడాలి. నా చిన్నతనమంతా అలా ఫ్యాన్లు చూడటంతోనే గడిచింది. పెళ్లైన కొత్తలో తను మొదటిసారి గుత్తివంకాయ వడ్డించినప్పుడు కూడా ఫ్యాను వైపే చూశానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆమెది మెట్ట ఊరు. గోదారి సముద్రంలో కలిసేచోట, ఇసుక లంకల మధ్య, తెరచాప పడవలో తిరగాలని ఆమె కోరిక. పెళ్లైన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉంది. నాకేమో కొట్టు ఖాళీ అయ్యేది కాదు. చివరికి, సెల్‌ఫోన్లు అందరి జేబుల్లోకీ చేరుతున్న రోజుల్లో, ఒక సెలవునాడు ఇద్దరం ఓడలరేవు బస్సెక్కాం.

అప్పటికే రేవునిండా ఇంజను పడవలు. తెరచాపది ఒక్కటే కనిపించింది. కొబ్బరికాయలు దింపేసి ఖాళీగా ఉంది. పడవ నడిపే సరంగు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. ధర చెప్పాడు. నేను తెరచాప వంక చూశాను.

"అన్నీ అతుకులే కదండీ?"

"ఆయ్. గాలి అతుకులు చూసుకుని రాదండీ."

అతను అడిగింది న్యాయమైన ధరే. న్యాయమైన ధర వింటే మా ఇంట్లో ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని ఒక షరతు పెట్టాను. "మీరు చూపించినవి నాకు నచ్చితే అడిగినంతా ఇస్తాను. నచ్చకపోతే సగం."

సరంగు మా ఆవిడ వైపు చూశాడు. గుంజ మీద నీటికాకి ఒకటి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. ఆమె అప్పటికే దాన్ని నోరు తెరిచి చూస్తోంది.

"అమ్మగారికి నచ్చితే లెక్కేనాండీ?"

"కాదు. నా నోటంట రావాలి."

"ఆయ్, అలాగేనండీ" అంటూ తాడు విప్పాడు. ఏం బేరం చేశానురా అని లోపల్లోపలే పొంగిపోయాను. రేవు దాటేదాకా పొంగుతూనే ఉన్నాను. ఆ తర్వాత గానీ తెలియలేదు, పడవలో ఫ్యాను ఉండదని.

తెరచాప గాలి పోసుకుంది. ఇంజను చప్పుడు లేకపోవడంతో పక్షులు మమ్మల్ని లెక్కచేయలేదు. మడ చెట్ల వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య చేపలు, నిజంగా చేపలే, రెక్కల మీద కుంటుకుంటూ నడుస్తున్నాయి. ఒక కొమ్మ మీద లకుముకి పిట్ట వాలింది. అంత నీలం మా కొట్లో పట్టులో కూడా లేదు. తాను దొరికితే తానంతా కొనేద్దును.

"ఎలా ఉందండీ?" అన్నాడు సరంగు.

"రంగు నిలిచేదేనా అని చూస్తున్నాను."

"తడిలోనే పుట్టిందండీ, వెలిసిన దాఖలా లేదు."

అంతలో పడవ పక్కనే నీటికుక్కలు రెండు తలలు పైకెత్తాయి. మా ఆవిడ నా భుజం పట్టి ఊపేసింది. "ఏమండీ, ఏమండీ! ఆ మీసాలు చూడండి! ఎంత బాగున్నాయో!"

మోచేత్తో పొడిచాను. "మెల్లిగా. అతను వింటాడు."

"వింటే ఏమవుతుంది?"

"సరుకు అంత బాగుంటే, సగం ఎందుకిస్తున్నారని అడగడూ?"

ఆమె నా వైపు ఒకసారి చూసి, తల దించుకుంది. గద్ద ఒకటి నీళ్ల మీదికి వాలి చేపను తన్నుకుపోయింది. ఆమె తలెత్తలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, టోకు కొట్లో మా నాన్న కూర్చున్నట్టే కూర్చుంది. మా ఇంటి విద్య ఇంత త్వరగా పట్టుబడినందుకు నేను సంతోషించాలి. సంతోషం రాలేదు. ఇన్నాళ్లు అడిగి అడిగి వచ్చిన ప్రయాణంలో ఆమె తన కాలివేళ్లు చూసుకుంటోంది. సగం ధరకు నేను ఇంటికి తీసుకెళ్లబోయేది ఆ ముఖాన్నే.

సరంగుకీ అర్థమైనట్టుంది. "ఇంకొక్కటుందండీ" అని చుక్కాని సముద్రం వైపు తిప్పాడు.

దూరంగా ఒక ఇసుక లంక ఎర్రగా కనిపించింది. ఎవరో తానులు విప్పి ఆరేశారనుకున్నాను. పడవ ఒడ్డుకు ఆనగానే నేనే ముందు దిగాను. అడుగు వేశానో లేదో, ఆ ఎరుపంతా కదిలింది. అన్నీ పీతలు! ఎక్కడివక్కడ కన్నాల్లో దూరిపోయాయి. చూస్తుండగానే లంకంతా ఒట్టి ఇసుక. సేల్స్ టాక్సు వాళ్ల జీపు వస్తోందని కబురందగానే మా మెయిన్ రోడ్డులో షట్టర్లు దిగేవి, అచ్చం అలాగే. ఒక్క పీత మాత్రం కన్నం చాలక, సగం లోపల, సగం బయట, కాళ్లాడిస్తోంది.

అలాంటి ఒక రోజున మా పెదనాన్న కూడా దించిన షట్టరు కింద ఇలాగే ఇరుక్కుపోయారు.

ఇక ఆగలేకపోయాను. ఇసుకలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. "అబ్బ, ఎంత బాగుందే! తొందరగా రా! ఇదిగో, మా పెదనాన్న!"

మా ఆవిడ పీతను చూడలేదు. వెనక్కి తిరిగి సరంగును చూసింది. అతను తెరచాప తాడు సర్దుకుంటున్నాడు.

"ఆయ్, వినపడిందండీ" అన్నాడు, తల ఎత్తకుండానే.

అప్పుడు నవ్వింది ఆమె, దాచుకున్నదంతా ఒకేసారి. ఆ నవ్వుకి కన్నాల్లోంచి తొంగిచూస్తున్న పీతలు కూడా మళ్లీ లోపలికి పోయాయి.

పూర్తి ధర ఖాయమయ్యాక ఇక దాచుకోవడం దండగ. తిరుగు దారిలో కొంగలు బాగున్నాయన్నాను, మబ్బులు బాగున్నాయన్నాను, ఆఖరికి తెరచాప అతుకులు కూడా బాగున్నాయన్నాను. మడల దగ్గరికి రాగానే సరంగును అడిగాను. "ఆ నీలం పిట్టను ఇంకోసారి చూపించండి. పొద్దున్న సరిగ్గా చూడలేదు."

"ఆయ్, అది పొద్దుటి సరుకండీ. నచ్చినవాళ్లు అప్పుడే పట్టుకెళ్లిపోయేరు."

మా ఆవిడ పెదవులు బిగబట్టి, తలెత్తి, అక్కడ లేని ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది.