ఆరో చెరువు లెక్క

మందు మానేశాక నేను పోగొట్టుకున్నవి పది. ముందు అవి చెబుతాను.

ఒకటి, మర్మాంగంలో స్పర్శ. రెండు, కోరిక. మూడు, తెల్లవారుజామున తనంతట తాను వచ్చే బిగువు. నాలుగు, ఆఖరి సుఖం. అది జరిగేది గానీ తుమ్మినంత కూడా తెలిసేది కాదు. ఐదు, నా భార్య సుజాత జుట్టు వాసన. ముక్కుకు తెలిసేది, లోపలికి దిగేది కాదు. ఆరు, ఏడుపు. ఏడు, మంచి పాట వింటే చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. ఎనిమిది, భార్య పక్కన భయం లేకుండా పడుకోవడం. తొమ్మిది, డాక్టర్ల మీద నమ్మకం. పది, సుజాత మీద నమ్మకం.

మొదటి నాలుగూ పోయినవాళ్లు నాలాగే ఇంకా ఉన్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎవరూ బయటికి చెప్పరు. నేనూ చెప్పలేదు. పదోది పోయింది అందువల్లే.

నాకు నలభై ఎనిమిదేళ్లు. ఇందుకూరుపేట దగ్గర మాకు ఐదు రొయ్యల చెరువులున్నాయి. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది గానీ లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. ఎన్ని పిల్లలు వదిలాం, ఎన్ని బతికి ఉంటాయి, ఇవాళ మేత ఎన్ని కిలోలు పడాలి అని పక్క చెరువుల వాళ్లు కూడా నన్నే అడుగుతారు.

వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగంతో పోయాయి. రెండోసారి చచ్చిన రొయ్యల్ని గట్టు మీదికి తోడిస్తూ గంపలు లెక్కపెడుతుంటే నాకు కూడిక ఆగిపోయింది. ఏడూ ఎనిమిదీ ఎంతో తెలియలేదు. ఆ తర్వాత నిద్ర పోయింది. తిండి పోయింది. గట్టు మీద నిలబడితే ఇంటికి పోవాలనిపించేది కాదు. సుజాతే పట్టుబట్టి నెల్లూరు తీసుకెళ్లింది. అక్కడి సైకియాట్రిస్టు డిప్రెషన్ అన్నారు. ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ, రోజుకొకటి రాశారు. ఆరో వారానికి నిద్ర వచ్చింది, కూడిక తిరిగి వచ్చింది. మాత్ర నన్ను నిలబెట్టింది. ఆ మాట రాయకపోతే నా లెక్క దొంగలెక్క అవుతుంది.

అయితే రెండో నెలలోనే కోరిక మందగించింది. మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరుగారిని అడిగాను.

"కొంచెం సెక్సువల్ సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయండి. మందు ఆపితే నార్మల్ అయిపోతుంది" అన్నారు, చీటీ మీద నుంచి తల ఎత్తకుండానే.

సుజాత బయట కుర్చీలో కూర్చుని ఉంది. ఏమన్నారని అడిగింది. అంతా బాగుందన్నారని చెప్పాను.

పదకొండు నెలలు వాడాక నాకు నేనే ఆపేశాను. ఇక్కడ నేను చేసిన తప్పు రొయ్యల రైతు మాత్రమే చేసే తప్పు. రొయ్యలు పట్టే ముందు మేము మేతలో కలిపే మందులన్నీ ఒక్కసారిగా ఆపేస్తాం. ఇన్ని రోజులు ఆపితే రొయ్య ఒంట్లో మందు మిగలదని ఒక లెక్క. ఆ రోజులు దాటాకే వల దించుతాం. నా ఒంటికీ అదే లెక్క వేశాను. ఈ మందు సగం బయటికి పోవడానికి సుమారు ముప్పై గంటలు పడుతుందని మెడికల్ షాపతను చెప్పాడు. సగంలో సగం, అందులో మళ్లీ సగం. ఇరవై ఒక్క రోజులకు లక్షలో ఒక వంతు కూడా మిగలదని తేలింది. మాత్రల అట్టను తీసి బీరువా మీద పెట్టేశాను. ఎవరినీ అడగలేదు.

మొదటి వారం తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు ఉండేది. చెరువు నీళ్లు మార్చేటప్పుడు అడుగు బురద కదలదా, ఇదీ అంతే అనుకున్నాను.

ఇరవై ఒకటో రోజు పొద్దున మోటారు పైపు కింద స్నానం చేస్తున్నాను. సబ్బు రుద్దుకుంటుంటే నడుము కింద చర్మం నాది కాదనిపించింది. చెరువులో దిగేటప్పుడు వేసుకునే రబ్బరు బూటు మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. చేతికి తెలుస్తోంది, అక్కడ తెలియడం లేదు. గిల్లుకున్నాను. నొప్పి తెలిసింది. నొప్పి తప్ప ఏమీ తెలియలేదు.

లక్షలో ఒక వంతు కూడా మందు లేని రోజది. మరి ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

అనుమానం ఆ రోజు పుట్టింది. ముందు మాత్రల మీద పడింది. ఖాళీ అట్టలన్నీ దాచి ఉంచాను కాబట్టి బ్యాచ్ నంబర్లు వరసగా రాసి చూశాను. ఎనిమిదో నెలలో కంపెనీ మారింది. షాపతన్ని నిలదీస్తే, "అన్నా, మందు అదే. అట్ట రంగు మారినాది, అంతే" అని నవ్వాడు. ఎందుకు నవ్వాడా అని రెండు రోజులు ఆలోచించాను. తర్వాత షుగరు మీద, థైరాయిడ్ మీద, నా వయసు మీద అనుమానం. పరీక్షలు చేయించాను. షుగరు, టీఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్, ప్రొలాక్టిన్ అన్నీ నార్మల్. యూరాలజిస్టు సిల్డెనాఫిల్ రాశారు. దానితో బిగువు వచ్చింది, స్పర్శ రాలేదు. ఆ సంగతి చెబితే, "రిపోర్టులన్నీ బాగున్నాయి. ఇది మీ మనసులో ఉంది" అన్నారు. సైకియాట్రిస్టు దగ్గరికి మళ్లీ వెళ్లాను. "మందు ఆపి మూడు నెలలైంది. మందు వల్ల కాదు. డిప్రెషన్ తిరిగి వస్తోంది" అని ఇంకో మాత్ర రాశారు. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. మింగలేదు. నాకు కూడిక బాగానే వస్తోంది, నిద్ర పడుతోంది. ఇది డిప్రెషన్ కాదని నాకు తెలుసు. ఎవరూ నమ్మకపోయేసరికి నేనూ ఎవరినీ నమ్మడం మానేశాను.

ఇక నాకు మిగిలింది చెరువుల మేత లెక్క రాసే పుస్తకం.

మేత వేసిన రెండు గంటలకు చెరువులో వేలాడే చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేత చూసి, సున్నా నుంచి మూడు దాకా అంకె రాస్తాం. ఒక్కో చెరువుకు ఒక్కో గడి. నేను ఆరో గడి గీసి పైన ఆరో చెరువు అని రాశాను. రోజూ పొద్దున స్నానాల గదిలో నన్ను నేను పరీక్షించుకుని అందులో అంకె వేసేవాణ్ణి. ఏమీ తెలియకపోతే సున్నా. మునుపటిలా ఉంటే మూడు. సున్నా, సున్నా, సున్నా, అర, సున్నా. మూడు ఎప్పుడూ పడలేదు.

సుజాత నా మేనమామ కూతురు. ఇరవై నాలుగేళ్ల కాపురం. నేను వేరే మంచం వేసుకున్నాను. తెల్లారే లేచి చెరువుల మీదికి పోవాలి, నీ నిద్ర చెడిపోతుందని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అనుమానంగా అనిపించింది. దొరవారిసత్రంలో ఉన్న వాళ్ల అక్కతో ఫోనులో మాట్లాడుతూ నేను లోపలికి రాగానే గొంతు తగ్గించేది. ఆమె స్నానానికి పోయినప్పుడు ఫోను తీసి చూసేవాణ్ణి. ఒక రోజు పద్దెనిమిది నిమిషాలు, ఒక రోజు నలభై ఒకటి. వీడు మగాడు కాడని చెబుతోంది, అక్కడికి వెళ్లిపోయే మాట నడుస్తోంది అని లెక్క కట్టాను.

ఒక మధ్యాహ్నం నాలుగో చెరువు దగ్గర, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ తాడు బిగిస్తున్నాను. సుజాత గట్టు మీద నడిచి వస్తోంది. చేతిలో అన్నం క్యారియర్ లేదు. మేత పుస్తకం ఉంది.

"బావా, మనకి చెరువులు ఎన్ని?"

"ఐదు."

"మరి ఈ ఆరోది యాడుండాది?"

నేను తాడు వదల్లేదు.

"ఏడు నెలలుగా దినమ్మూ అంకెలు ఏసినావు. మేత ఒక్క కిలో కూడా ఏసినట్టు లేదు. మేత లేకుండా ఏ రొయ్య పెరగతాదబ్బా? మైపాడులో ఎవురికోసమన్నా కౌలుకు తీసుకున్నావా? ఆమె పేరు గూడా పైన రాసుంటే లెక్క సుద్దంగా ఉండేది."

"ముందు మీ అక్కతో ఏం మాట్లాడతా ఉండావో నువ్వు చెప్పు. నలభై ఒక్క నిమిషాలు."

"నిమిషాలు గూడా లెక్కబెట్టినావా!" అంది. "చెప్తా, రాసుకో. మా ఆయన ఇంకో చెరువు చూసుకున్నాడని చెప్పినా. నన్ను ముట్టుకోవడం లేదని చెప్పినా. నాకు వయసైపోయిందేమో అక్కా అని ఏడ్చినా. చాలునా?"

నేను ఇన్నాళ్లు ఊహించిన మాట ఆ మూడింటిలో లేదు.

"ఆరో చెరువు నేనే" అన్నాను.

గట్టు మీద కూర్చుని మొదటి నుంచి చెప్పాను. డాక్టరు గదిలో విన్న మాట, లక్షలో ఒక వంతు లెక్క, రబ్బరు బూటు, అన్నీ. ఆమె పుస్తకంలో ఆరో గడి ఉన్న పేజీలన్నీ తిప్పి చూసింది. అప్పుడు నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకు ఏడవాలని ఉంది. రాలేదు.

"దినమ్మూ చూసుకున్నావా?"

"దినమ్మూ."

"దినమ్మూ వల ఇసిరి చూస్తే రొయ్య బెదిరి మేత మానేస్తాదని ఊరందరికీ చెప్పేది నువ్వే గదా బావా!"

పుస్తకం ఆమే ఇంటికి తీసుకెళ్లిపోయింది. ఆరో గడి ఆ రోజుతో ఆగింది.

తర్వాతి నెల ఇద్దరం చెన్నై వెళ్లాం. అక్కడి సైకియాట్రిస్టు డాక్టరమ్మకు తెలుగు వచ్చు, తడుముకుంటూ మాట్లాడతారు. సుజాతను బయట కూర్చోనివ్వలేదు. ఇద్దరికీ కుర్చీలు వేయించారు. నలభై నిమిషాలు విని, "మీరు చెప్పేది నేను నమ్ముతున్నాను. దీన్ని పీఎస్‌ఎస్‌డీ, అంటే పోస్ట్ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ సెక్సువల్ డిస్‌ఫంక్షన్ అంటారు. ఈ రకం మందుల సెక్సువల్ సైడ్ ఎఫెక్ట్ మందు ఆపాక కూడా కొంతమందిలో మిగిలిపోతుంది" అని ఫైల్లో రాశారు.

"మందు లక్షలో ఒక వంతు కూడా లేదు గదమ్మా?"

"మీ లెక్క సరే. మందు ఒంట్లో నుంచి పోవడం వేరు. దానికి అలవాటు పడిన నరాలు సర్దుకోవడం వేరు."

"మెల్లగా తగ్గించి ఉంటే వచ్చేది కాదా?"

"వచ్చేది కాదని చెప్పలేను. తలలో కరెంటు కొట్టడం లాంటివి తగ్గేవి. ఒక్కసారిగా ఆపడం మాత్రం తప్పే."

"ఎన్నాళ్లకు పోతుంది?"

"తెలియదు. దీనికి రుజువైన మందు కూడా లేదు. చాలామందికి కాలంతో కొంత మెరుగవుతుంది. ఎంత అనేది మాటివ్వలేను."

ఇంత దూరం వస్తే తెలియదంటారేమిటని నాకు దాని మీదా అనుమానం వచ్చింది. సుజాత మాత్రం గది బయటికి రాగానే, "తెలవనిది తెలవదని చెప్పినాది. ఈమెని నమ్మొచ్చు" అంది.

తిరుగు రైలు గూడూరు దాటాక ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. జుట్టులో సెంట్రల్ స్టేషను దగ్గర కొన్న మల్లెపూలు. ఆ వాసన లోపలికి దిగింది. నాకు ఏడుపు వచ్చింది. ఎదురు సీటులో ముసలావిడ, "ఏమైంది నాయనా?" అంటే ఏమీ లేదని చెప్పాను. పదిలో రెండు ఒకే రోజు తిరిగి వచ్చాయని ఆమెకెలా చెప్పను?

తర్వాత అంతా మెట్లు ఎక్కినట్టు జరగలేదు. నాలుగు నెలలకు తొమ్మిది రోజుల పాటు స్పర్శ బాగా వచ్చింది. పదో రోజు మళ్లీ బూటు. ఆ పదో రోజు నేను పుస్తకం కోసం ఇల్లంతా వెతికాను. సుజాత ఎక్కడ దాచిందో చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ కాసేపు నడిచాను, వేళకు పడుకున్నాను, కనపడిన లేహ్యమల్లా మింగలేదు. మనసు సంగతి ఆమె మూడు నెలలకోసారి చూస్తున్నారు. ఫలానాది జరగాలని లెక్క పెట్టుకోకుండా ఒకరి పక్కన ఒకరం ఊరికే పడుకోవడం నేర్చుకున్నాం. అది నాకు లెక్కలకంటే కష్టమైంది.

ఇప్పటికి మందు మానేసి రెండేళ్ల నాలుగు నెలలు. తిరిగి వచ్చినవి ఆరు: తెల్లవారుజాము బిగువు, జుట్టు వాసన, ఏడుపు, పాటకు నిక్కబొడుచుకునే వెంట్రుకలు, పక్కన పడుకోవడం, సుజాత మీద నమ్మకం. స్పర్శ సగం. కోరిక అప్పుడప్పుడు మబ్బులా వచ్చి కురవకుండా పోతుంది కాబట్టి దాన్ని వచ్చినట్టు రాయను. ఆఖరి సుఖం రాలేదు. డాక్టర్ల మీద నమ్మకం రాలేదు. ఒక్క డాక్టరు మీద వచ్చింది, అది వేరే గడి.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఈ మాత్ర వేసుకోవాల్సి వస్తే వేసుకోండి, నన్ను చూసి భయపడి మానకండి. కానీ మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ భార్యనో భర్తనో డాక్టరు గదిలోకి వెంట తీసుకెళ్లండి. ఈ సైడ్ ఎఫెక్ట్ గురించి ఇద్దరి ముందూ అడగండి, జవాబు ఇద్దరూ వినండి. ఆపే లెక్క మాత్రం ఎంత తెలిసినవాళ్లైనా సొంతంగా వేయకండి.

ఇది రాసి సుజాతకు చదివి వినిపించాను. పది దాకా విని, "పదీ నీవేనా? నా లెక్క యాడ?" అంది.

"నీది చెప్పు, రాస్తా."

లోపలికి పోయి బియ్యం డబ్బా అడుగు నుంచి మేత పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆరో చెరువుకి ఎన్ని దినాలు అంకె ఏసినావో లెక్కబెట్టు. అన్ని దినాలూ నేను అద్దం ముందర నిలబడి నాలో ఏం తక్కువైందా అని చూసుకున్నా."

రెండుసార్లు లెక్కపెట్టాను. నా పదిలో నాకు రావాల్సింది ఇంకా మూడున్నర. సుజాతకు నేను ఇవ్వాల్సినవి రెండు వందల పన్నెండు రోజులు.